చదివే కుర్చీ, రాసే కుర్చీ

వాన అప్పుడే వెలిసింది. భీమిలి రేవు దాటి ఆటో మలుపు తిరగగానే మొగలి పొదల వాసన గుప్పుమంది. హైమవతి చప్పున కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆ వాసనంటే ఆమెకు భయం. ఎవరి జడలోదో తెలుసు. ఆ జడ మాత్రం తెలియదు. ఆ జడ, జడ కింద మెడ, మెడ మీద ముఖం, ముప్పై ఏళ్ళు పైబడి అవి ఆమెవి కావు. ఈ వీధి చివరి ఇంట్లో, కూర్మనాథం తలలో ఉన్నాయి.

కూర్మనాథం చనిపోతున్నాడు.

గేటు దగ్గర అతని చెల్లెలు సన్యాసమ్మ నిలబడి ఉంది. భర్త పోయిన నాటినుంచీ అన్నగారి ఇంట్లోనే ఉంటోంది. హైమవతిని ఎగాదిగా చూసింది.

“దారి మర్సిపోనారనుకున్నానమ్మా,” అంది.

హైమవతి గేటు దాటి లోపలికి వచ్చింది. సన్యాసమ్మ అంతకంటే దెప్పలేదు. కాలేయం పూర్తిగా పాడైందనీ, ఆస్పత్రిలో ఉండనని పట్టుబట్టి ఇంటికి వచ్చేశాడనీ, ఇక చేయగలిగింది లేదని డాక్టరు చెప్పేశాడనీ వరండా మెట్లు ఎక్కుతూ చెప్పింది. గది తలుపు దగ్గరికి వచ్చాక ఆగి, గొంతు తగ్గించింది.

“ఒక్క మాటమ్మా. లోపల మా అన్నయ్య ఒక్కడే ఉంటాడు గానీ, ఒక్కడే ఉన్నట్టుండదు. మీరు బెదరొద్దు.”

లోపల ఎవరుంటారో హైమవతికి తెలుసు. తను వచ్చింది ఆమెను తీసుకుపోవడానికే.

*

విశాఖలో సముద్రానికి ఎదురుగా, కొండ మీద ఒక ప్రయోగశాల ఉండేది. జ్ఞాపకం అనేది తలలో ఎక్కడ, ఎలా నిలుస్తుందన్నది అక్కడి పని. హైమవతి, కూర్మనాథం చేరేనాటికి ఇద్దరికీ పాతికేళ్ళు దాటలేదు. తలుచుకున్న జ్ఞాపకం కాసేపు పాకంలా మెత్తబడుతుందనీ, చల్లారాక మళ్ళీ గట్టిపడుతుందనీ వాళ్ళు కనిపెట్టారు. మెత్తగా ఉన్నప్పుడు దాన్ని తీగ లాగినట్టు లాగవచ్చు. లాగి మరో తలలోకి అల్లవచ్చు. అందుకు వాళ్ళు కట్టిన యంత్రానికి మగ్గం అని పేరు పెట్టుకున్నారు. రెండు రాగి తలపట్టీలు, వాటి మధ్య ఒక పేటిక, పేటిక మీద అటూ ఇటూ జరిగే ఒక పిడి. పిడి ఎటు తోస్తే జ్ఞాపకం అటు పోతుంది. నడిమధ్య నిలిపితే రెండు పాళ్ళవుతుంది.

మొదట ఎలుకల మీద చూశారు. గంట మోగితే వణకడం నేర్చిన ఎలుకను ఒక పక్కనా, గంటే ఎరగని ఎలుకను మరో పక్కనా ఉంచారు. మగ్గం ఆడాక గంట మోగించారు. ఎరగని ఎలుక మూలకు నక్కి వణికింది. ఎరిగిన ఎలుక ఒళ్ళు ముడుచుకుని హాయిగా నిద్రపోయింది.

వాళ్ళ పనికి ఒక పద్ధతి ఉండేది. మీటరు ముల్లు చదివేవారు రాయకూడదు. రాసేవారు ముల్లు చూడకూడదు. కన్ను చూసినది చెయ్యి తనకు నచ్చినట్టు దిద్దుకుంటుందని, కొత్తలో ఒక ప్రయోగం పాడయ్యాక, వాళ్ళే పెట్టుకున్న కట్టు అది. కూర్మనాథం చదివే కుర్చీలో కూర్చుని అంకె పలికేవాడు. హైమవతి రాసే కుర్చీలో, ముల్లుకు వీపు పెట్టి కూర్చుని, ఆ అంకెనే తిరిగి పలికేది. అతడు “సరి” అనేవాడు. ఆ మాట వినపడ్డాకనే కలం కాగితాన్ని తాకేది. ఏళ్ళ తరబడి అంతే. అతడు కన్ను, ఆమె చెవి. చివరికి క్యాంటీన్‌లో కూడా అతడు గోడ మీది పలకను చూసి “పెసరట్టు” అనడం, ఆమె “పెసరట్టు” అనడం, అతడు “సరి” అనడం. వడ్డించే మనిషి నవ్వి, “అయ్యగారికి అట్టు, అమ్మగారికి సరి,” అని వంటింట్లోకి కేకవేసేవాడు.

బడి వదిలాక హైమవతి కూతురు కేతకి అక్కడికే వచ్చేది. బల్ల కింద దూరి, “తాబేలు మావయ్యా” అని పిలిచేది. కూర్మనాథం చొక్కా కాలరులోకి మెడ దించేసుకునేవాడు. మళ్ళీ పిలిస్తే మెడ కొంచెం పైకి తీసేవాడు. పిల్ల నవ్వు ఆగేది కాదు. పెళ్ళి చేసుకోని ఆ మనిషికి ఆ నవ్వు సాయంకాలపు దీపం. చీకటి పడే ముందు తల్లి చిటికెన వేలు పట్టుకుని కేతకి కొండ దిగుతుంటే, అతడు కిటికీలోంచి చూసేవాడు.

ఒక వర్షాకాలం, మొగలి రేకులు పెట్టి జడ అల్లిన మర్నాడే, కేతకికి మెదడు జ్వరం తగిలింది. ఆ వారం దాటలేదు. పిల్లకు ఆరేళ్ళు.

తర్వాత హైమవతి అన్నం కంచంలో ఆ ముఖం చూసింది. గోడ మీద చూసింది. కళ్ళు మూసినా చూసింది. భర్త భానోజీరావు ఆమెను ఆలయాలకు తిప్పాడు, వైద్యులకు చూపించాడు. ఆమె కన్ను మూత పడలేదు. ఒకనాడు ప్రయోగశాలలో ఎవరూ లేని వేళ చూసి కూర్మనాథాన్ని అడిగింది, ఆ జ్ఞాపకాల్లో సగం నువ్వు తీసుకో అని. మనిషి మీద మగ్గం ఎన్నడూ ఆడలేదని అతడు చెప్పాడు. ప్రమాదమని చెప్పాడు. ఆఖరికి చేతులు జోడించాడు.

“ఆ ఎలుక నిద్రపోయింది కూర్మం,” అంది ఆమె. “నువ్వూ చూశావు.”

ఒక సెలవునాడు ఇద్దరూ తలపట్టీలు పెట్టుకున్నారు. బరువు చెరిసగం కావాలని పిడి నడుమ నిలిపారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న ఆలోచనే వాళ్ళకు రాలేదు. కాళ్ళు వాటంతట అవే నడిచాయి. అతడు చదివే కుర్చీలో, ఆమె రాసే కుర్చీలో.

జ్ఞాపకం చెరిసగం కాలేదు. ఏళ్ళ అలవాటు తొక్కి తొక్కి వేసిన దారి వెంట చీలిపోయింది. చూపంతా కన్ను వైపు పోయింది. చప్పుడంతా చెవి వైపు ఉండిపోయింది. ఒక్క పిల్లతో ఆగలేదు. ఆ ఏళ్ళన్నిటిలోనూ పిల్ల నూలులా అల్లుకుని ఉండడంతో, పోగు లాగితే గుడ్డంతా కదిలింది.

హైమవతి ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చి ఒళ్ళెరగక నిద్రపోయింది. లేచేసరికి భానోజీరావు గోడకు ఒక పటం తగిలించి, దండ వేస్తున్నాడు. ఆమె దగ్గరికి వెళ్ళి చూసింది. రెండు జడల పాప, కుడి బుగ్గ మీద పుట్టుమచ్చ.

“ఈ పిల్ల ఎవరండీ?” అని అడిగింది.

భానోజీరావు మొదట దుఃఖం అనుకున్నాడు. తర్వాత ఆమె కళ్ళలోకి చూశాడు. ఆ ఏడాది తిరగకుండానే బొబ్బిలిలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయాడు. కోపంతో కాదు, భయంతో.

*

ముఖం ఎక్కడికి పోయిందో వారం తర్వాత తెలిసింది. ప్రయోగశాలలో ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె చెవిలో, ఎప్పట్లాగే, పిల్ల గొంతు మెట్లు లెక్కపెడుతోంది. కూర్మనాథం గుమ్మంలో అడుగు పెట్టాడు. అతని వెనకాలే కేతకి లోపలికి వచ్చింది. పెదవులు కదిలాయి. ఆమె చెవిలోని గొంతు ఆ పెదవులకు అతుక్కుంది.

మగ్గం ఒకసారి కలిపిన తలలు ఒకే గదిలో ఉంటే చాలు, తెగిన కొసలు ఒకదాన్ని ఒకటి వెతుక్కుంటాయని అప్పుడు అర్థమైంది. ఇద్దరూ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్ళకు ప్రయోగశాల మూతపడింది. మగ్గాన్ని కూర్మనాథం విడిభాగాలుగా భీమిలి తెచ్చుకున్నాడు. హైమవతి ఏటేటా వర్షాకాలంలో ఈ ఇంటికి వచ్చేది. ఇద్దరూ వరండాలో కూర్చుని టీ తాగేవాళ్ళు. వాళ్ళ మధ్య పిల్ల ఆడుకునేది. టీ తెచ్చిన సన్యాసమ్మకు రెండు కుర్చీలూ, వాటి మధ్య ఖాళీ గచ్చూ కనిపించేవి.

ఒక ఏడు హైమవతి ఒక సంగతి గమనించింది. గౌను అంచు మోకాలి పైకి పోయింది. మరుసటి ఏడు జడ నడుము దాటింది. ఆపైన వచ్చినప్పుడు, వరండా స్తంభానికి ఆనుకుని లంగా ఓణీ వేసుకున్న పడుచుపిల్ల నిలబడి ఉంది. కుడి బుగ్గ మీద పుట్టుమచ్చ. ఆ పిల్ల నోరు తెరిచింది. అందులోంచి ఆరేళ్ళ గొంతు, “అమ్మా, పప్పు జీళ్ళు తెచ్చావా?” అంది.

హైమవతి చేతిలో కప్పు జారింది.

“నేనేమీ చెయ్యలేదు హైమా,” అన్నాడు కూర్మనాథం, నేల మీది పెంకులు ఏరుతూ. “తలుచుకున్నానంతే. తలుచుకుంటే మెత్తబడుతుందని మనమే కదా కనిపెట్టాం. మెత్తబడినప్పుడల్లా పెరుగుతోంది.”

ఆమె ఆనాడు వెళ్ళి, మరి రాలేదు. చెవిలో గొంతును మాత్రం దాచుకుని బతికింది. ఆ గొంతు పెరగలేదు. అది వింటూ వింటూ ఆమె ముసలిదైంది.

*

గదిలో మందుల వాసన. కిటికీ పక్కన మంచం. మంచం మీద కూర్మనాథం, పరుపులోకి ఇంకిపోయిన మనిషిలా ఉన్నాడు. అతని కాళ్ళ దగ్గర ఒక స్త్రీ కూర్చుని పాదాలు ఒత్తుతోంది. నలభై దాటిన మనిషి. చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. ముడిలో మొగలి రేకు. ఆమె తల తిప్పి చూసింది. హైమవతికి తను ఎప్పుడో దాటి వచ్చిన వయసును అద్దంలో చూసినట్టయింది.

“అమ్మా,” అంది ఆ స్త్రీ, ఆరేళ్ళ గొంతుతో.

హైమవతి గడప మీదే ఆగి, మళ్ళీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“వచ్చావా?” అన్నాడు కూర్మనాథం, కళ్ళు తెరవకుండానే. “ముక్కు మీంచి కొంగు తియ్యి. నేనింకా కుళ్ళలేదు.”

ఆమెకు నవ్వు వచ్చింది, నవ్వు వెంట ఏడుపు వచ్చింది. కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది. ఇద్దరూ చాలాసేపు పాత ఏళ్ళు తవ్వుకున్నారు. అతడు చూపు ఇచ్చాడు, ఆమె చప్పుడు ఇచ్చింది. అతడు క్యాంటీన్ అన్నాడు. ఆవిరి పట్టిన గోడ, సున్నంతో రాసిన పలక గదిలో లేచి నిలబడ్డాయి. “అయ్యగారికి అట్టు,” అందామె. వడ్డించే మనిషి కేక ఆ గోడలకు తగిలి మోగింది. కొండ దారి వచ్చింది, దాని వెంట పాత జీపు హారను వచ్చింది. ప్రయోగశాల అధికారి బట్టతల వచ్చింది, దాని వెంట ఆయన దగ్గు వచ్చింది. అన్నిటి మధ్యా ఆ స్త్రీ కదలకుండా కూర్చుని పాదాలు ఒత్తుతూనే ఉంది. పెరగనిది ఏదైనా గదిలో ఉంటే అది ఆమె గొంతు. తక్కినదంతా ఆమెతో పాటు వయసు మీద పడినట్టు మసకబారింది.

కాసేపటికి కూర్మనాథం ఆయాసపడ్డాడు. అన్నీ చెదిరిపోయాయి. ఆ స్త్రీ ఒక్కతే మిగిలింది.

“మంచం కింద మగ్గం ఉంది,” అన్నాడు. “కిందటేడే బాగుచేశాను. నువ్వెందుకు వచ్చావో నాకు తెలుసు హైమా. తీసుకెళ్ళు. నాతో పాటు దాన్ని కాటికి మోసుకుపోలేను. నీ పిల్ల నీది.”

ఆమె వచ్చింది అందుకే. దాచుకోలేదు. ఆ ముఖం ముసలిదైనా సరే, తనది. ఇతడు పోతే ముఖం కాలిపోతుంది. ఆమెకు ఊరూ పేరూ లేని ఒక గొంతు మిగులుతుంది. ఊపిరి ఉన్నంతవరకే మగ్గం ఆడుతుంది. రేపు ఉండకపోవచ్చు.

“నీకేం మిగులుతుంది కూర్మం?”

“ఏముంటుంది? ఖాళీగా పోతాను. పోయేవాడికి సామానెందుకు?”

నవ్వుతూనే అన్నాడు. కాని ఆమె చూపు అతని చేతి మీద పడింది. దుప్పటి మీద ఆ చెయ్యి బిగిసి ఉంది. వేళ్ళ మధ్య ఆ స్త్రీ చీర చెంగు ఉంది. చీకట్లో పిల్లలు తల్లి కొంగు పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నాడు.

హైమవతి మంచం కిందికి వంగి పేటిక బయటికి లాగింది. దుమ్ము లేదు. తీగలు కొత్తవి. రాగి పట్టీని అతని తలకు కడుతూ, అంతవరకు ఎన్నడూ అడగనిది ఒకటి అడిగింది.

“నేను లేనప్పుడు అది నీతో మాట్లాడుతుందా?”

కూర్మనాథం కళ్ళు తెరిచి తన కాళ్ళ వైపు చూశాడు.

“పెదవులు కదుపుతుంది,” అన్నాడు. “పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ కదుపుతుంది. ఇన్నేళ్ళూ ఏమంటోందో తెలియదు. తాబేలు మావయ్యా అంటోందని అనుకుంటాను.”

ఆమె రెండో పట్టీ తన తలకు కట్టుకుంది. పేటికను ఒళ్ళో పెట్టుకుంది. అతడు కళ్ళు మూసుకున్నాడు. మూసుకుని, ఎన్నో ఏళ్ళ కిందటి ఆ గొంతుతో, స్పష్టంగా, తొణక్కుండా పలికాడు.

“పిడి, హైమ వైపు.”

“పిడి, హైమ వైపు,” అందామె.

“సరి.”

జీవితంలో ఎన్నడూ ఆమె విన్నది కాక వేరొకటి రాయలేదు. చదివిన గొంతుకూ రాసే చేతికీ మధ్య వెంట్రుక పట్టేంత సందు ఏనాడూ లేదు. కూర్మనాథం కళ్ళు మూసుకుని నిశ్చింతగా ఉన్నది ఆ నమ్మకంతోనే. ఆమె పిడి మీద చెయ్యి వేసింది. అతని వైపు తోసింది.

తర్వాత తలుచుకోవడం మొదలుపెట్టింది. పురిటి గదిలో మొదటి ఏడుపు తలుచుకుంది. తలుచుకున్నది మెత్తబడి, జారి, పోయింది. పోయిన చోట ఏముండేదో తెలియలేదు. జడ గట్టిగా లాగకమ్మా అన్న మాట తలుచుకుంది; పోయింది. మెట్ల లెక్క పోయింది. జీళ్ళ అల్లరి పోయింది. జ్వరంలోని మూలుగు పోయింది. దాన్ని అతనికి ఇవ్వకుండా ఉండగలిగితే బాగుండుననుకుంది గాని, మగ్గానికి ఏరుకోవడం రాదు. ఒక్కొక్కటే దీపాలు ఆర్పుకుంటూ ఇంట్లోంచి బయటికి నడుస్తున్నట్టు ఉంది. ఆఖరి గది దగ్గర ఆమె కొంచెం ఆగింది. బల్ల కింద పిల్ల పిలుస్తోంది. ఒక్కసారి విని, వదిలిపెట్టింది.

మంచం మీద కూర్మనాథం కళ్ళు తెరిచాడు.

అతని ముఖంలోకి ఏదో వచ్చింది. కాళ్ళ దగ్గర కూర్చున్న స్త్రీ లేచి, అతని తల దగ్గరికి వెళ్ళి వంగింది. ఆమె పెదవులు కదలడం హైమవతి చూసింది. ఏమీ వినపడలేదు. కాని కూర్మనాథం మెడ, ఎముక మీద తోలు మిగిలిన ఆ మెడ, మెల్లగా దుప్పటిలోకి దిగింది. మళ్ళీ మెల్లగా పైకి వచ్చింది.

అప్పుడతడు హైమవతి వైపు తిరిగాడు. కళ్ళ కొసల నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

“తప్పు రాశావు,” అన్నాడు.

ఆమె తల ఊపింది. ఎందుకు ఊపిందో, తల ఆగేలోగానే మరిచిపోయింది. చూస్తుండగానే ఆ స్త్రీ చీర వెనక కిటికీ చువ్వలు కనిపించసాగాయి. తర్వాత చువ్వలే ఉన్నాయి.

“సరి,” అన్నాడు కూర్మనాథం, ఆమెతోనో, మరెవరితోనో.

*

వరండాలో సన్యాసమ్మ ఎదురుచూస్తోంది. లోపలినుంచి అన్నగారి నవ్వు వినిపించి ఉలిక్కిపడింది. అతడు నవ్వి ఎన్నేళ్ళయిందో. “ఆఁ, వింటన్నానమ్మా, వింటన్నాను,” అంటున్నాడు లోపల, పసిపిల్లల మాటకు ఊఁ కొట్టేవాళ్ళలా.

“పాపని సూసినారా అమ్మా?” అంది సన్యాసమ్మ.

“ఏ పాప?” అంది హైమవతి.

సన్యాసమ్మ ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత కొంగు భుజం చుట్టూ కప్పుకుని, మరేమీ అడగకుండా గేటు తీసింది.

హైమవతి వీధిలోకి వచ్చింది. కలిసి పనిచేసిన పాత స్నేహితుడు చివరి ఘడియల్లో ఉన్నాడని తెలిసి వచ్చింది, చూసింది, బయల్దేరింది. అంతవరకు స్పష్టంగానే ఉంది. అతనితో ఏయే పనులు చేసిందో ఎవరైనా అడిగితే చెప్పగలదు, పాఠం అప్పజెప్పినట్టు. చెవుల్లో మాత్రం ఎప్పుడూ లేనంత నిశ్శబ్దం ఉంది. ఇన్నేళ్ళుగా ఏదో మోగుతూ ఉండేదని, ఆగిపోయాక తెలిసినట్టు ఉంది.

మలుపు దగ్గర మొగలి పొదలు మళ్ళీ గుప్పుమన్నాయి. వాసన చూపులోదీ కాదు, చప్పుడులోదీ కాదు. దాన్ని ఎవరూ ఎవరి వైపూ తోయలేదు. ఆమె ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. పెట్టుకోవాలని తోచలేదు. రోడ్డు పక్కన నిలబడిపోయింది. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఎందుకని తనను తానే అడిగింది. లోపల ఎవరూ పలకలేదు.

ఆటో ఒకటి వచ్చి ఆగింది. ఎక్కబోతూ ఆమె తన కుడి చేతిని చూసుకుంది. అది పక్కకు కొంచెం చాచి ఉంది, నడుముకన్నా కిందికి. వేళ్ళన్నీ ముడిచి ఉన్నాయి. చిటికెన వేలు ఒక్కటి, ఎవరో పట్టుకోవడానికి వీలుగా, విడిగా నిలబడి ఉంది.

“ఎంతమందమ్మా?” అని అడిగాడు ఆటో మనిషి.

హైమవతి ఆ వేలి వైపు చూసింది. జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది.